నెలకో మట్ట

కోనసీమలో పెరిగినవాళ్ళకు రాత్రిపూట ఒక చప్పుడు అలవాటు. ముందు చీకట్లో గలగలమని చిన్న అలికిడి, ఆ వెంటే నేల అదిరేలా దబ్బుమని మోత. పైఊరి చుట్టాలైతే ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఇంట్లోవాళ్ళు కళ్ళు తెరవకుండానే "మట్ట పడింది, పడుకోండి" అంటారు. తెల్లారేసరికి ఆ మట్ట పడినచోట ఉండేది కాదు. కళ్ళాపి చల్లడానికి లేచిన మా మామ్మ ముందుగా దాన్ని దొడ్లోకి ఈడ్చుకెళ్ళి గోడకు చేరేసేది. ఆ తర్వాతే వాకిలి ఊడ్చేది. పడిన మట్టను చెత్త అనగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడ లెక్కలో అది అప్పుడే ఇంటికొచ్చిన సరుకు.

కాపుకొచ్చిన కొబ్బరి చెట్టు నెలకు దాదాపు ఒక కొత్త ఆకు వేస్తుంది. మొవ్వులో 30 నుంచి 35 ఆకులుంటాయి. ఒక్కో ఆకు పంగలో ఒక్కో గెల పుడుతుంది. ఆ ఆకు రెండున్నర, మూడేళ్ళు చెట్టున ఉండి, గెలను మోసి, పని తీరాక ఎండి రాలిపోతుంది. ఎకరం తోటలో 60 నుంచి 70 చెట్లుంటాయి. అంటే ఏడాదికి 700కు పైగా మట్టలు. అడక్కుండానే, ఎరువు వేసినా వేయకపోయినా, చెట్టు నేలమీద పడేసే సరుకు ఇది. పర్యావరణ సదస్సుల్లో సుస్థిర జీవనమంటూ చర్చించేదంతా మా దొడ్లో ఒకే ప్రశ్నగా ఉండేది: ఈ మట్టలను ఏంచేయాలి?

గోదావరి పాయలు గౌతమి, వసిష్ఠల మధ్య నేల ఆ ప్రశ్నకు చెప్పుకున్న జవాబు చాలా పెద్దది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల్లో నీళ్ళు పారాక డెల్టాలో వరి ఎలా విస్తరించిందో అందరికీ తెలుసు. ఆ వరిచేల గట్ల మీద, లంకల్లో, ఇంటి పెరళ్ళలో నిలబడిన కొబ్బరి చెట్టు చుట్టూ అల్లుకున్న పనితనం గురించి మాత్రం తక్కువే రాసుకున్నాం. కోనసీమలో కొబ్బరి చెట్టును ఇంటి పెద్దకొడుకుతో పోలుస్తారు. పెద్దకొడుకు సంపాదన దుబారా కాకుండా ఇల్లు నడపాలంటే మంచి మనసు ఒక్కటే సరిపోదు, చేతిలో విద్య ఉండాలి. ఈ వ్యాసం ఆ విద్య గురించి.

మట్ట నడిచే దారి

మా వీధి చివర ఒక పెద్దావిడ తడికలు అల్లేది. ఊరంతా పిన్ని అనే పిలిచేవాళ్ళు. మట్టలను తెచ్చి చెరువులో పడేసి, పైకి తేలకుండా బరువు పెట్టి, మూడు నాలుగు రోజులు నాననిచ్చేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నానబెట్టకుండా అల్లితే ఏమవుద్ది పిన్నీ?"

"ఇరిగిపోద్ది బాబూ. ఆకు మన మాట ఇనాలంటే ముందు అది నీళ్ళు తాగాల."

నానిన మట్టను ఒడ్డుకు లాగి, కొస నుంచి మొదలు దాకా నడిమి ఈనె వెంట కత్తితో నిలువునా చీల్చేది. ఒక చీలికను నేలమీద పరిచి, మొదలును పాదంతో తొక్కిపట్టి కూర్చునేది. ఆకులను ఒకటి విడిచి ఒకటి వెనక్కి మడిచి, మిగతావాటికి అడ్డంగా ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనిచ్చేది. వరస పూర్తయిన ప్రతిసారీ బొటనవేలితో లోపలికి నొక్కేది. ఆ నొక్కులోనే ఉంది కిటుకంతా. వదులైతే ఎండాక సందులు తేలి వాన కారుతుంది, మరీ బిగిస్తే ఆకు ఈనె దగ్గర తెగుతుంది. చివర మిగిలిన కొసలను జడలా అల్లి ముడేస్తే తడిక తయారు. పిన్ని చూపు చేతుల మీద ఉండేది కాదు. వీధిలో పోయేవాళ్ళను పలకరిస్తూనే వరస తప్పకుండా అల్లేది.

తడికలు కప్పడానికీ ఒక పద్ధతుంది. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి కప్పుకుంటూ పోవాలి. పై వరస కింది వరస మీదికి సగం దాకా రావాలి. చేప పొలుసులు ఎలా ఉంటాయో అలా. అప్పుడు వాన చుక్క ఏ సందులోకీ దిగకుండా ఆకు మీంచి ఆకు మీదికి జారి నేలకు చేరుతుంది. ఏడాది, జాగ్రత్తగా చూసుకుంటే రెండేళ్ళు ఆగుతుంది. వైశాఖంలో పెళ్ళిపందిరి కింద కూర్చున్నవాళ్ళకు ఆ నీడ ఎంత చల్లనో తెలుసు. రేకు వేడిని కిందికి దింపుతుంది. అల్లిన ఆకు వేడిగాలిని సందుల్లోంచి పైకి పోనిస్తుంది.

తడికకు పనికిరాని మట్ట చీపురు అవుతుంది. ఒక మట్టకు రెండు వందలకు పైగా ఆకులుంటాయి. ప్రతి ఆకునూ కత్తితో ఇటూ అటూ గీస్తే మధ్య ఈనె మిగులుతుంది. అలాంటి రెండు మూడు మట్టల ఈనెలు కలిపి కడితే వాకిలి ఊడ్చే నిండు చీపురు. అరిగి పొట్టిదైతే పశువుల సావిట్లోకి వెళ్తుంది. అక్కడా అరిగితే పొయ్యిలోకి.

ఈనెలు తీయగా మిగిలిన ఆకుకు గోదావరి జిల్లాల్లో ఇంకో గొప్ప పని ఉంది. ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తీసే ఇంటి ముందు ఒక్క గంట నిలబడితే అర్థమవుతుంది. పక్కన రంధ్రం ఉన్న కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పాలకన్నా పల్చగా కలుపుకుంటారు. గుడ్డను ఆ పిండిలో ముంచి, వేడి కుండ వీపు మీద పరిచినట్టే పరిచి లాగేస్తారు. కుండ మీద పల్చటి పొర నిలుస్తుంది, రెండు క్షణాల్లో అంచు లేస్తుంది. అదే రేకు. ఈ పనికి కట్టెల మంట కుదరదు. నిప్పు నిలవ ఉండిపోయి కుండ కాగిపోతుంది, రేకు మాడుతుంది. ఎండు కొబ్బరాకు గుప్పెడు తోస్తే భగ్గున మండుతుంది, మరుక్షణం తగ్గిపోతుంది. వేడి ఎంత కావాలో ఆకు తోసే చెయ్యి నిర్ణయిస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపులో బెల్లానికి, నేతికి, బియ్యానికి ఎంత భాగముందో రాలిపడిన కొబ్బరాకుకూ అంత భాగముందని నా నమ్మకం.

పొయ్యిలో మిగిలిన బూడిద కూడా దారి తప్పేది కాదు. కొబ్బరి పీచు ఉండ చేసి, బూడిద అద్ది అంట్లు తోమేవాళ్ళు. మిగిలింది పాదులకు. బీర, ఆనప పాదులకు కొంత, కొబ్బరి మొదలుకు కొంత. కొబ్బరి చెట్టు నేలలోంచి అన్నింటికన్నా ఎక్కువగా తీసుకునేది పొటాష్. ఆ పొటాష్ ఎక్కువగా చేరేది కాయ పైనుండే డొక్కలోకి. డొక్కనూ మట్టనూ కాల్చిన బూడిదను మళ్ళీ మొదట్లో పోస్తే చెట్టు సొమ్ము చెట్టుకే చేరినట్టు. మా మామ్మకు పొటాష్ అనే మాట తెలియదు. "చెట్టుది చెట్టుకియ్యాల" అనేది. రెండింటి అర్థం ఒకటే.

కాయ నడిచే దారి

నెలన్నర, రెండు నెలలకోసారి దింపు. పాదాలకు బంధం వేసుకుని, నడుముకు కత్తి చెక్కుకుని ఎక్కిన మనిషి కాయలు దింపడంతోనే సరిపెట్టడు. మొవ్వు శుభ్రం చేస్తాడు, ఎండు మట్టలు, పాత గెలలు లాగేస్తాడు, కొమ్ముపురుగు తొలిచిన గుర్తులుంటే కిందికి కేకేసి చెబుతాడు. డాక్టరు రోగిని చూసినట్టు చెట్టును చూసేది అతనొక్కడే. తోట ఆసామికి మొవ్వులో సంగతి అతని నోటిద్వారానే తెలుస్తుంది.

దింపిన కాయ ఒలుపుకు వెళ్తుంది. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, మూడు నాలుగు మెలికల్లో డొక్క విడదీస్తారు. అక్కణ్ణుంచి దారులు చీలతాయి. నీటికాయ గుడికి, వంటింటికి. ఎండబెట్టిన కొబ్బరి నూనెకు. ఇంకొంత సరుకు కురిడీకి. కోనసీమలోని అంబాజీపేట మార్కెట్ ధరలు చదివేవాళ్ళకు ఈ మాటలన్నీ తెలిసినవే. కురిడీలో గండేరా, గటగట అంటూ రకాలు చెప్పి, వెయ్యి కాయలకింత అని ధర కడతారు.

కురిడీ తయారీ మన పాతవాళ్ళ ఓపికకు కొలబద్ద. ముదిరిన కాయలను గాలి ఆడే అటక మీదికెక్కించి నెలల తరబడి కదపకుండా ఉంచుతారు. లోపల నీరు మెల్లమెల్లగా ఇంకిపోతుంది. కొబ్బరి ఎండి చిప్పను వదిలేస్తుంది. కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గుండు కదిలిన చప్పుడవుతుంది. అప్పుడు పగలగొడితే గుడ్డులా ముక్క చెదరని కొబ్బరి బయటికొస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, నిప్పు అక్కర్లేదు, మందు అక్కర్లేదు. కాలమూ గాలీ చాలు. తొందరపడిన రైతుకు కురిడీ దక్కదు.

ఇక డొక్క. తోటలోనే దానికి మొదటి స్థానం. వరసల మధ్య కందకం తవ్వి, డొక్కల నోరు పైకి ఉండేలా పేర్చి, పొర మీద మట్టి, మళ్ళీ డొక్కలు, మళ్ళీ మట్టి వేసి పూడుస్తారు. ఒక్కో డొక్క నేలలో ఒక్కో గిన్నె. వానకు నిండుతుంది, ఎండకు కొంచెం కొంచెంగా వేళ్ళకు అందిస్తుంది. ఒకసారి పూడిస్తే అయిదు నుంచి ఏడేళ్ళు పనిచేస్తుంది. కాలువ కట్టేసిన వేసవిలో డొక్కలు పూడ్చిన తోటకూ పూడ్చని తోటకూ తేడా ఆకు రంగులోనే కనిపిస్తుంది.

పీచు తీయడానికి వెళ్ళిన డొక్క తాడవుతుంది, పరుపవుతుంది, చాప అవుతుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ పాలు ఎక్కువ. అందుకే నీళ్ళలో, ఉప్పు నీళ్ళలో కూడా తొందరగా చివకదు. పడవ కట్టడానికీ, పశువును కట్టడానికీ, బావి గిలకకూ మనవాళ్ళు ఈ తాడునే నమ్ముకోవడానికి కారణం అదే. పీచు తీయగా రాలే పొట్టును ఒకప్పుడు మిల్లుల పక్కన గుట్టలుగా వదిలేసేవాళ్ళు. ఆ పొట్టు తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు పోయేలా కడిగి మట్టిలో కలిపితే లేత వేరుకు అంతకన్నా మెత్తని పరుపు లేదు. కడియం, కడియపులంక, వేమగిరి నర్సరీల్లో మొక్కలు పెంచేవాళ్ళకు ఇప్పుడది కొనుక్కోవలసిన సరుకు. మిగిలిన చిప్ప గరిట అవుతుంది, బొగ్గు అవుతుంది. నీటిని శుద్ధిచేసే కార్బన్ తయారీకి ఆ బొగ్గుకు దేశదేశాల్లో గిరాకీ ఉంది.

సముద్రం అవతలి ఇరుగుపొరుగు

ఈ విద్య మనదొక్కరిదే కాదు. తూర్పుగా సముద్రాలు దాటి వెళ్తే ఫిలిప్పీన్స్. 7,600కు పైగా దీవులున్న దేశం, ప్రపంచంలో కొబ్బరి ఎక్కువగా పండించే దేశాల్లో ఇండోనేషియా, భారత్‌ల సరసన నిలిచేది. అక్కడివాళ్ళు కొబ్బరిని ప్రాణవృక్షం అంటారు. వాళ్ళ వాకిళ్ళు ఊడ్చేదీ ఈనెల చీపురే. దాని పేరు వాలిస్ తింగ్‌తింగ్. సగానికి కోసిన డొక్కను బునోట్ అంటారు. దాన్ని పాదం కింద పెట్టుకుని ముందుకూ వెనక్కూ తోస్తూ చెక్క నేలను అద్దంలా మెరిపిస్తారు. ఆకు కప్పిన ఇంటిని వెదురు బొంగుల మీద ఎత్తి, ఊరంతా భుజం పట్టి ఇంకోచోటికి మోసే ఆచారం బయనిహాన్. ఇరుగింటి పనిని కూలి అడక్కుండా అందుకోవడానికి ఇప్పటికీ అదే మాట. కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి కనుమనాడు చేలకడ్డంపడి భుజాల మీద ప్రభలను మోసుకెళ్ళే మనకు ఆ మాట వివరించి చెప్పక్కర్లేదు.

ఫిలిప్పీన్స్‌లోని బికోల్ ప్రాంతపు వ్యవసాయ శాస్త్రవేత్త జస్టినో అర్బొలెడా పారేసే డొక్కల పీచును తాళ్ళుగా పేని, వలలుగా అల్లించారు. కొండవాలు మీద, నది ఒడ్డున ఆ వల పరిచి మొక్కలు నాటితే, మొక్కల వేళ్ళు మట్టిని పట్టుకునేదాకా వల కాపు కాస్తుంది. వేళ్ళు ఊనుకున్నాక తనే మట్టిలో కలిసిపోతుంది. తాడు పేనేదీ వల అల్లేదీ కొబ్బరి రైతుల కుటుంబాలే. 2005లో ఆ పనికి బీబీసీ వరల్డ్ చాలెంజ్ బహుమతి వచ్చింది. మన దగ్గరా 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడో దశలో ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్ల రోడ్లకు కొబ్బరి పీచు వస్త్రం వాడాలని నిర్ణయించారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164 కిలోమీటర్లు, తెలంగాణ వాటా 121. గట్టు తెగే నేల మనది, పీచు మనది, అల్లే చేతులు మనవి. ఇంతకన్నా దగ్గరి దారి ఇంకేముంటుంది?

ఇంకో బంధుత్వం మన నేలలోనే వేళ్ళూనుకుని ఉంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం విడుదల చేసిన డబుల్ సెంచరీ రకం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పొడవు రకంలోంచి ఎంచి తీసిందే. మన తూర్పుతీర పొడవు రకాన్ని గంగాబొండంతో సంకరం చేసి గోదావరి గంగను ఇచ్చిందీ ఆ కేంద్రమే.

కష్టంలోనూ ఇద్దరిదీ ఒకటే దారి. 1996 నవంబరు 6న తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. తరాల నాటి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. 2013 నవంబరు 8న హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో 3 కోట్లకు పైగా కొబ్బరి చెట్లను దెబ్బతీసింది. అక్కడ పడిపోయిన చెట్లను కోసి, ఆ కలపతోనే ఇళ్ళు మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఇక్కడా అక్కడా రైతు కొత్త మొక్క పెట్టి, పొడవు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్ళు ఎదురుచూశాడు. కురిడీ నేర్పిన ఓపిక అప్పుడు అక్కరకొచ్చింది.

చెయ్యి లేకపోతే విద్య లేదు

ఇంతా చెప్పి, పాతకాలంలో అంతా బాగుండేదని అననా? అనను. తడిక ఇల్లు చల్లనిదే. కానీ నిప్పురవ్వకు బుగ్గయ్యేదీ, తుపానుకు లేచిపోయేదీ కూడా అదే. పేదవాడు గట్టి ఇంట్లో ఉండాలి, అందులో రెండో మాట లేదు. పొయ్యి పొగలో మా మామ్మ కళ్ళు ఎంత మండాయో చూసినవాణ్ణి, గ్యాసు బండ రాకను తప్పుపట్టను. నా బాధ వేరు. తడిక ఇంటి కప్పు మీంచి దిగితే పందిరికి, పశువుల పాకకు, నర్సరీ నీడకు చేరాల్సింది. అక్కడికి చేరకముందే నీలం ప్లాస్టిక్ పట్టా వచ్చి కూర్చుంది. ఈనెల చీపురు స్థానంలో ప్లాస్టిక్ పుల్లల చీపురు వచ్చింది. రెండేళ్ళకు అరిగిన ఆ పుల్లలు కాలువలో గుర్రపుడెక్క మధ్య చిక్కుకుని కనిపిస్తున్నాయి. రోడ్డు పక్కన డొక్కల గుట్టలకు నిప్పు పెడుతున్నారు. ఆ పొగలో పోతున్నది నేలకు చేరాల్సిన పొటాష్.

ఎందుకిలా అయిందని అడిగితే జనం మారారంటారు. నాకు కనిపించే కారణం సూటిగా ఉంది. చేసే చేతికి గిట్టడం లేదు. మా ఊళ్ళో దింపు తీసే ఒకాయన ఒక శ్రావణంలో చెట్టు మీంచి జారాడు. నడుము దెబ్బతింది. ఊరంతా చందా వేసుకుంది, అంతే. కొడుకులిద్దరూ మేం చెట్టెక్కం అన్నారు. ఎవరు తప్పుపడతారు వాళ్ళను? యంత్రంతో చెట్టెక్కడం నేర్పే 'చెట్టు మిత్రుల' శిక్షణను కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో మొదలుపెట్టింది. ఎక్కేవాళ్ళకు కేర సురక్ష అనే బీమా ఉంది. దింపుకు పిలిచే ప్రతి తోట ఆసామీ ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: నీకు బీమా ఉందా?

చెట్టుకు పట్టే పురుగుల దగ్గర కావలసింది కురిడీ నేర్పిన ఓపికే. మనదేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి తోటలకూ వచ్చింది. ఆకుల మీద బంక, బంక మీద నల్లని మసి. గట్టి మందు కొట్టాలనిపిస్తుంది. కొడితే తెల్లదోమను తినే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ముందు చస్తుంది. అంబాజీపేట కేంద్రం మిత్రపురుగులను, మేలుచేసే శిలీంద్రాలను పెంచి రైతులకు అందిస్తోంది. వాటికి సమయమివ్వాలి. అటక మీది కాయకు ఇచ్చినట్టే.

మనం చేయగలిగినవి పెద్ద పనులేం కావు. పంచాయతీ వీధులు ఊడ్చే చీపుర్లు ఊళ్ళో కట్టినవే కొనొచ్చు. గుడిలో రోజూ పోగయ్యే డొక్కలను, చిప్పలను వేరుచేసి పీచు మిల్లుకు, నర్సరీకి చేర్చొచ్చు. పెళ్ళికి షామియానాతో పాటు వాకిట్లో ఒక్క పచ్చాకు పందిరి వేయించొచ్చు. కాలువగట్టు తెగినచోట సిమెంటు పోసే ముందు పీచు వల పరిచి చూడమని ఇంజనీరును అడగొచ్చు. ఏది చేసినా ఆ పనివాళ్ళు చెప్పిన ధర బేరమాడకుండా ఇవ్వాలి. ప్లాస్టిక్ చీపురు మీద ముద్రించిన ధర దగ్గర మనం ఎన్నడూ బేరమాడలేదు కదా.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిన్నిని కలిశాను. చూపు మందగించింది. దొడ్లో మట్టలు ఊరికే పడి ఉన్నాయి. మనవరాలికి అల్లిక నేర్పలేదా అని అడిగాను.

"నేర్పుదునండి. కొనేవోళ్ళేరీ?"

చిన్నప్పుడు నన్ను బాబూ అని పిలిచిన మనిషి ఇప్పుడు అండి అంటోంది. అది నా వయసుకు ఇచ్చిన మర్యాదో, కొనేవాడిగా నన్ను లెక్కేసుకోవడమో తెలియలేదు. మా దొడ్లో పశువుల పాకకు ఇరవై తడికలు కావాలని చెప్పాను. ధర అడిగితే చాలా తక్కువ చెప్పింది. దానికి రెట్టింపు ఇస్తానని, అల్లేది మాత్రం మనవరాలే కావాలని అన్నాను. ఆ పిల్ల నవ్వి లోపలికి పోయింది. మర్నాడు పొద్దున్న చెరువు గట్టు మీదుగా వస్తుంటే, నీళ్ళలో మునిగిన మట్టల మీద బరువుగా రెండు ఇటుకలు కనిపించాయి.